చలనచిత్రమునకు గ్రంథాలయములో చోటు

గ్రంథాలయమనగానే మన మనస్సునకు తోచునది పుస్తకము. బీరువాలు, వాటిలో వరుసగా అమర్చిన అట్టలు, బల్లమీద దినపత్రికలు, ద్వారము చెంత గ్రంథపాలకుడు - ఇదియే మనకు పరిచితమైన రూపము. కాని పుస్తకమన నేమి? ఒకరు ఒకచోట చెప్పిన మాటను, వారు లేని చోట, వారు లేని కాలమున, మరియొకరికి అందజేయు సాధనము. ఈ పని ఒకప్పుడు రాగిరేకు చేసినది, తాటాకు చేసినది, పిమ్మట కాగితము చేసినది. గడచిన నూరు సంవత్సరములకు పైగా ఈ పనిలో గొప్ప భాగమును చలనచిత్రము చేయుచున్నది. రాగిరేకునకు అర కట్టించినాము. తాటాకునకు, కాగితమునకు భవనములు కట్టించినాము. ఫిలిమునకు చోటెక్కడ? ఈ ప్రశ్ననే నేటి ప్రసంగమున శ్రోతల ముందుంచదలచినాము.

ఈ ప్రశ్న వేయుటకు తిరుపతి కంటె తగిన ఊరు లేదు. తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో పరమపదించినారు. ఆయన రచించిన సంకీర్తనలు 32,000 అని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన కుమారులు పెదతిరుమలాచార్యుల కాలమున ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయములో సంకీర్తన భాండాగారమను అరలో భద్రపరచినారు. తరువాత చాలకాలము ఆ అర సంగతి లోకము మరచినది. 1920ల దశకములో ఆ రేకులు వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలైన పండితుల శ్రమవలన ఆ పదములు అచ్చునకెక్కినవి. రెండువేలకు పైగా రేకులు, పండ్రెండువేలకు పైగా సంకీర్తనలు మనకు దక్కినవి. తక్కినవి దక్కలేదు.

ఈ చరిత్రలో మనకు పనికివచ్చు సూత్రములు మూడున్నవి. ఒకటి, చెడిపోని వస్తువుమీద వ్రాయించుట. రెండు, వ్రాసినదానికి ఒక గది ఏర్పరచుట. మూడు, ఆ గది తలుపు తీయువాడొకడుండుట. మొదటి రెండును జరిగి మూడవది లేకపోయినందువలననే అన్నమయ్య పాట మన తాతముత్తాతలలో అనేక తరములవారి చెవికి సోకలేదు. దాచుట ఒక పని, దాచినదానిని తీసి చూపుట మరియొక పని. గ్రంథాలయమనగా ఈ రెండును కలిసిన చోటు.

ఇంకొక సంగతి గమనింపవలెను. రాగిరేకుపై పాట ఉన్నది. పాటకు పైన రాగము పేరున్నది. కాని ఆ పాటను అన్నమయ్య ఎట్లు పాడినాడో చెక్కుటకు ఆ కాలమున సాధనము లేదు. కంఠస్వరము, గమకము, కదలిక - ఇవి మనిషితో పోయినవి. అందుచేతనే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఆ పదములకు మరల వరుసలు కూర్చవలసి వచ్చినది. రాగి చేయలేని ఈ పనిని ఫిలిము చేయగలదు. పాడినవాని గొంతును, ఆడినదాని అడుగును, ఆనాటి వీధిని, ఆ వీధిలో నడచిన జనమును యథాతథముగా నిలుపగలదు. ఇంతటి శక్తి కలిగిన వస్తువు రాగివలె గట్టిది కాదు. అక్కడనే మన చిక్కంతయు ఉన్నది.

ఏమి పోయినదో ముందు చెప్పుకొందము. తెలుగు చలనచిత్రమునకు పితామహుడని మనము గౌరవించు రఘుపతి వెంకయ్యగారు, ఆయన కుమారుడు ప్రకాశ్‌గారు మదరాసులో నిర్మించిన మూగ చిత్రము 'భీష్మ ప్రతిజ్ఞ' 1921 నాటిది. దాని ప్రతి నేడు లేదు. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' లేదు. అదే సంవత్సరము అక్టోబరు 31న వచ్చిన, తెలుగు పాటలును మాటలును వినిపించిన 'కాళిదాసు' లేదు. మొట్టమొదటి సంపూర్ణ తెలుగు టాకీ, హెచ్. ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' లేదు. మన దేశమున పదమూడు వందలకు పైగా మూగ చిత్రములు తయారైనవని, వాటిలో తునుకలతో కలిపి లెక్కించినను ముప్పదికి మించి మిగులలేదని ఈ రంగమున కృషిచేయువారు చెప్పుదురు.

ఇవన్నియు ప్రమాదమున పోయినవి కావు. టాకీ రాగానే మూగ చిత్రమునకు బేరము పోయినది. నలుపు తెలుపు ఫిలిముపై బొమ్మను నిలుపునది వెండి. పాత ఫిలిమును కరగించి ఆ వెండిని రాబట్టినవారున్నారు. మిగిలిన సెల్యులాయిడ్‌ను గాజులకు, చేతిసంచులకు వాడినవారున్నారు. ఒక తరము నవ్వి, ఏడ్చి, చప్పట్లు కొట్టి చూచిన బొమ్మ మరియొక తరము చేతి గాజైనది. దీనికి ఎవరిని నిందింపగలము? అమ్మినవానికి అది సరకు. సరకు కానిదానిని దాచవలసిన బాధ్యత వర్తకునిది కాదు, అది సమాజముది.

'భక్త ప్రహ్లాద' విషయమున జరిగిన ఒక సంగతి గ్రంథాలయముల విలువను చక్కగా తెలుపును. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని ఎన్నో ఏండ్లు చెప్పుకొన్నాము. ఆ తేదీన ఉత్సవములును చేసికొన్నాము. చిత్రమే లేనప్పుడు సరిచూచుకొనుటకు ఆధారమేది? పరిశోధకులు రెంటాల జయదేవగారు ఆనాటి పత్రికలను, సెన్సారు వివరములను వెదకి, ఆ చిత్రమునకు 1932 జనవరి 22న సెన్సారు అనుమతి లభించినదని, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో తొలిసారి ప్రదర్శింపబడినదని నిరూపించినారు. అనగా తెలుగు టాకీ పుట్టినరోజును మనకు తిరిగి ఇచ్చినది ఫిలిము కాదు, ఎవరో ఓపికతో కట్టలు కట్టి దాచిన పాత కాగితము. కాగితమునకు గ్రంథాలయము దొరికినది గనుక అది నిలిచినది. ఫిలిమునకు దొరకలేదు గనుక అది పోయినది.

ఇక ఫిలిము స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. టాకీలలో ఆడు 35 మిల్లీమీటర్ల ఫిలిములో ఒక అడుగునకు 16 బొమ్మలుండును. క్షణమునకు 24 బొమ్మల వంతున నడచును గనుక నిమిషమునకు 90 అడుగులు నడచును. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములలో అయిపోవును. మూడు గంటల తెలుగు చిత్రమునకు సుమారు 16,000 అడుగుల ఫిలిము, పదహారు పదిహేడు రీళ్ళు, ఇంచుమించు నలభై కిలోల బరువు. ఒక్క చిత్రమునకే ఇంత చోటు కావలెను.

1950ల ప్రారంభము వరకు ఈ ఫిలిమును నైట్రేట్ అను పదార్థముతో చేసెడివారు. దాని బొమ్మ మిక్కిలి అందమైనది, గుణము మిక్కిలి ప్రమాదకరమైనది. ఒకసారి అంటుకొన్నచో ఆర్పుట అసాధ్యము. మంటకు కావలసిన ప్రాణవాయువును తానే పుట్టించుకొని నీటిలో ముంచినను మండును. చెడిపోవుచున్న నైట్రేట్ చుట్టలు 41 డిగ్రీల వేడిలో దీర్ఘకాలమున్నచో తమంతట తామే అంటుకొనునని ప్రయోగములలో తేలినది. తిరుపతి వేసవి ఎట్టిదో శ్రోతలకు చెప్పనక్కరలేదు. రేకుల కొట్టములో పడియున్న పాత డబ్బా ఒకటి ఊరికే ఎంత ప్రమాదమో దీనివలన ఊహింపవచ్చును.

నైట్రేట్‌కు బదులుగా వచ్చినది ఎసిటేట్. అది అంత సులభముగా అంటుకొనదు. కాని వేడికి, చెమ్మకు లోలోపల కుళ్ళును. కుళ్ళుచున్నప్పుడు వెనిగరు వాసన వచ్చును. ఆ పులుపే మరింత కుళ్ళును పుట్టించును. ఒక డబ్బాలో పుట్టిన జబ్బు పక్క డబ్బాకు తగులును. ఫిలిము ముడుచుకొని, పెళుసుబారి, చివరకు యంత్రములో నడవదు. 21 డిగ్రీల వేడి, నూటికి యాభై పాళ్ళ చెమ్మ ఉన్న గదిలో కొత్త ఎసిటేట్ ఫిలిములో సుమారు 40 ఏండ్లకు ఈ కుళ్ళు మొదలగునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. మన ఊళ్ళలో 21 డిగ్రీల గది ఎక్కడున్నది? ఇక రంగుల ఫిలిమునకు మరియొక బాధ. నీలము, పసుపు రంగులు ముందుగా వెలిసి బొమ్మయంతయు గులాబిరంగుకు తిరుగును.

ఇట్టి సున్నితమైన వస్తువును గ్రంథాలయము కాపాడగలదా అని సందేహము కలుగుట సహజము. ప్రపంచమున దీనికి మంచి నిదర్శనమొకటి ఉన్నది. అమెరికాలో చలనచిత్రము పుట్టిన కొత్తలో దానికి ప్రత్యేకముగా గ్రంథస్వామ్య హక్కు లేదు. ఛాయాచిత్రములకు మాత్రమే ఉండెడిది. అందుచేత ఎడిసన్ మొదలగువారు తమ చిత్రమును బొమ్మ బొమ్మగా పొడవైన కాగితపు చుట్టపై అచ్చొత్తి, హక్కు కొరకు కాంగ్రెస్ గ్రంథాలయములో దాఖలు చేయుచు వచ్చినారు. 1894లో మొదలైన ఈ పద్ధతి 1912లో చట్టము మారువరకు సాగినది. తరువాత అసలు ఫిలిములు అనేకము నశించినవి. గ్రంథాలయపు గదిలో కాగితపు చుట్టలు మాత్రము మిగిలినవి. 1950లలో, 1960లలో వాటిని మరల బొమ్మ బొమ్మగా ఫిలిముకెక్కించినారు. ఆ విధముగా సుమారు 3,000 చిత్రములు బ్రతికినవి. వాటిని కాపాడవలెనని ఎవరును అనుకొనలేదు. పుస్తకముల కొరకు పెట్టిన దాఖలు నియమమే వాటిని కాపాడినది.

మన దేశమున పుస్తకములకు అట్టి నియమమున్నది. 1954లో వచ్చిన చట్టము ప్రకారము దేశమున అచ్చయిన ప్రతి పుస్తకమును కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మదరాసులోని కన్నెమరా గ్రంథాలయము మొదలగువానికిని ప్రకాశకుడు పంపవలెను. 1956లో వార్తాపత్రికలను కూడ అందులో చేర్చినారు. చలనచిత్రమునకు ఆ చట్టము వర్తింపదు. కోట్ల రూపాయలతో తీసి, కోట్ల జనము చూచిన చిత్రమునకు లేని రక్షణ పది పుటల కరపత్రమునకు ఉన్నది.

ఈ లోటును కొంత పూరించుటకు 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది. అందు పి. కె. నాయర్‌గారు తమ జీవితమునే ధారపోసినారు. గిడ్డంగులు, పాత టాకీసులు, నిర్మాతల ఇండ్లు తిరిగి డబ్బా డబ్బాగా చిత్రములను చేర్చినారు. అయినను 2003 జనవరి 8న పూనాలోని చలనచిత్ర శిక్షణ సంస్థ ఆవరణలో నైట్రేట్ చిత్రములుంచిన కొట్టు అగ్నిప్రమాదమునకు గురియైనది. పాత చిత్రములు వందల కొలదిగా బూడిదైనవి. నాయర్‌గారి వంటి వారుండిన చోటనే ఇట్లు జరిగినదనగా మనము నేర్చుకొనవలసిన పాఠము ఒక్కటే. ఎంత గొప్ప భాండాగారమైనను ఒక్క చోటు చాలదు. అన్నమయ్య పాట ఒక్క అరలోనే ఉండుటచేత శతాబ్దములు మరుగుపడినది. చలనచిత్రము ఒక్క కొట్టులోనే ఉండుటచేత ఒక్కనాటిలో కాలిపోయినది.

కనుక రాజధానులలో ఉండవలసినవి రాజధానులలో ఉండగా, జిల్లాలోని పౌర గ్రంథాలయము చేయదగిన పని ఏమున్నదో ఆలోచింతము. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము 1960లో వచ్చినది. దాని ప్రకారము జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. మనము కట్టు ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్నును కట్టుచున్నాము. 2022లో పాత చిత్తూరు జిల్లా విభజింపబడి తిరుపతి ప్రత్యేక జిల్లా అయినది. అనగా గ్రంథాలయము ఎవరి దయాధర్మమో కాదు. మన సొమ్ముతో నడచు మన సంస్థ. ఇందులో ఏమి దాచవలెనని అడుగు హక్కు మనకున్నది.

చిత్తూరు పేరును తన పేరునకు ముందు ధరించి దేశమంతట ప్రసిద్ధికి తెచ్చిన మహానటుడు నాగయ్యగారు. ఆయన 1904లో రేపల్లెలో జన్మించినను, చిత్తూరు రామవిలాస సభ నాటకములతో పేరు పొంది చిత్తూరు నాగయ్య అయినారు. చిత్తూరులో ఆయన పేర కళాక్షేత్రమున్నది. 1942లో 'భక్త పోతన', 1946లో తామే దర్శకత్వము వహించిన 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన' - ఈ మూడు చిత్రములలో ముగ్గురు తెలుగు మహనీయులకు ఆయన రూపమిచ్చినారు, గొంతునిచ్చినారు. అన్నమయ్య గొంతు మనకు లేదు; నాగయ్య గొంతు ఉన్నది. ఉన్నంతవరకే ఉన్నది.

మన గ్రంథస్వామ్య చట్టము ప్రకారము చలనచిత్రముపై హక్కు విడుదలైన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లుండును. కావున 1940ల నాటి ఈ చిత్రములపై హక్కుల కాలము తీరినది. వాటిని గ్రంథాలయములో చూపుటకు ఎవరిని అడుగనక్కరలేదు. హక్కు అందరిదైనది, కాని అందరిదైన వస్తువు ప్రతి ఎవరి చేతిలో ఉండవలెను? అందరి గ్రంథాలయములోనే గదా! చిత్తూరు విద్యార్థి తన ఊరి పేరు ధరించిన నటుని చిత్రమును మంచి ప్రతిలో చూడదలచినప్పుడు, ఆ ఊరి గ్రంథాలయమునకే మొదట పోవునట్లుండవలెను. అట్లే తిరుమల వేంకటేశ్వరుని కథను పి. పుల్లయ్యగారు 1939లో ఒకసారి, 1960లో మరల ఒకసారి తెరకెక్కించినారు. ఒకే దర్శకుడు రెండు దశకముల అంతరమున ఒకే కథను ఎట్లు చెప్పినాడో పోల్చిచూచుటకు తిరుపతి కంటె తగిన చోటేది?

అయితే కథాచిత్రములు మాత్రమే చలనచిత్రములు కావు. ఏటేట తిరుపతిలో జరుగు గంగమ్మ జాతరలో బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము, దొర వేషము, మాతంగి వేషము వేసికొని జనము వీధుల వెంట పోవుదురు. చిత్తూరు సీమ పల్లెలలో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుడుల వద్ద భారత ఉత్సవములు జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. నడుమ ఒకనాడు అర్జునుడు తపస్సుమాను ఎక్కుట, చివరినాడు నేలమీద మట్టితో చేసిన దుర్యోధనుని వధ. ఇవి పుస్తకములో వ్రాసినచో సగమే తెలియును. వేషగాని అడుగు, భాగవతుని గొంతు, జనము కేక - ఇవి చలనచిత్రములోనే నిలుచును. ఒకప్పుడు ప్రభుత్వ ప్రచార శాఖవారు పల్లెలలో చూపుచు వచ్చిన 16 మిల్లీమీటర్ల వార్తాచిత్రములు, 1980లలో, 1990లలో ఛాయాచిత్రకారులు తీసిన వీడియో క్యాసెట్లు, ఉన్నవారు తమ ఇంటివరకు తీసికొన్న 8 మిల్లీమీటర్ల చుట్టలు - ఇవన్నియు ఈ సీమ చరిత్రలే. ఒక పెండ్లి క్యాసెట్టులో వెనుకగా కనబడు బజారు నేడు ఆ రూపమున లేకపోవచ్చును. క్యాసెట్టులోని అయస్కాంతపు పూత నానాటికి సడలుచున్నది. దానిని ఆడించు యంత్రములను జపానులో చివరివరకు తయారుచేసిన సంస్థ కూడ 2016లో ఆ పని మానినది. ఇక ఆలస్యమునకు వ్యవధి లేదు.

గ్రంథాలయము చేయదగిన పనులను క్రమముగా చెప్పుదుము. మొదటిది లెక్క. పాత టాకీసులలో, పాఠశాలలలో, ఫోటో స్టూడియోలలో, ఇండ్లలో ఏమేమి ఉన్నదో ఒక పట్టీ వ్రాయవలెను. దీనికి ఒక పుస్తకము, ఒక కలము, నడుచు ఓపిక చాలును. 1950ల పూర్వపు 35 మిల్లీమీటర్ల చుట్ట కనబడినచో దానిని గ్రంథాలయమునకు తేరాదు, ఎండలో ఉంచరాదు, యంత్రములో వేయరాదు. అది నైట్రేట్ కావచ్చును. పూనా భాండాగారమువారికి తెలిపి వారి చేతికప్పగింపవలెను. 16 మిల్లీమీటర్ల ఫిలిము సురక్షితమైన పదార్థముతోనే తయారైనది గనుక దానిని గ్రంథాలయములో ఉంచుకొనవచ్చును.

రెండవది గది. మిద్దె కప్పు కింది గది పనికిరాదు. నేల చెమ్మ ఎక్కు గది పనికిరాదు. పగలు చల్లదనపు యంత్రమును నడిపి రాత్రి ఆపివేయుట మరింత కీడు. వేడి చల్లదనములు మారినప్పుడెల్ల ఫిలిముపై నీటి చెమ్మ పట్టును. తక్కువ వేడితో పాటు మారని వేడియు ముఖ్యమని గ్రహింపవలెను. డబ్బాలను పడుకోబెట్టి ఉంచవలెను. తుప్పు పట్టిన డబ్బాను మార్చవలెను. గాలియాడని ప్లాస్టిక్ సంచిలో చుట్టరాదు. ఏడాదికొకసారి ప్రతి డబ్బా మూత తీసి వాసన చూడవలెను. వెనిగరు వాసన వచ్చినదానిని వెంటనే వేరు గదికి మార్చవలెను. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె రాచి ఏటేట ఎండగట్టక నీడన ఆరబెట్టిన మన పెద్దల శ్రద్ధయే ఇక్కడను కావలెను. 1939లో తిరుపతిలో నెలకొల్పబడి 1956లో విశ్వవిద్యాలయమునకు చేరిన ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రములను కాపాడు విద్య ఈ ఊరిలోనే ఉన్నది. వస్తువు వేరైనను ఓర్పు ఒక్కటే.

మూడవది కాగితము. చిత్రము ఆడునపుడు టాకీసు వద్ద అమ్మిన పాటల పుస్తకములు, కరపత్రములు, గోడపత్రికలు, 'రూపవాణి', 'విజయచిత్ర' వంటి పత్రికలు - ఇవి గ్రంథాలయమునకు సహజమైన సామగ్రి. పాటల పుస్తకములో కథాసంగ్రహముండును, నటీనటుల పేర్లుండును, పాటలన్నియు ఉండును. నశించిన చిత్రమునకు అదియే మిగిలిన ఆనవాలు. దీనికి చల్లని గదియైనను అక్కరలేదు, ఒక బీరువా చాలును.

నాలుగవది ప్రతి తీయుట. 2012లో గ్రంథస్వామ్య చట్టమునకు జరిగిన సవరణ ప్రకారము, వ్యాపారదృష్టి లేని పౌర గ్రంథాలయము తనవద్దనున్న ప్రతిని భద్రత కొరకు డిజిటల్ రూపమున నిలువచేసికొనవచ్చును. ఈ సదుపాయమును వినియోగించుకొనవలెను. కాని డిజిటల్ చేసితిమి, ఇక శాశ్వతమనుకొనుట భ్రమ. రాగిరేకు వందల ఏండ్లు ఎవరును తాకకున్నను నిలిచినది. కంప్యూటరు డిస్కును పదేండ్లు తాకకున్నచో అది తెరచుకొనునన్న నమ్మకము లేదు. ఏటేట పరీక్షించి, కొన్ని ఏండ్లకొకసారి కొత్తదానికి ఎక్కించుచుండవలెను. ఒక ప్రతి చిత్తూరులో, ఒక ప్రతి తిరుపతిలో, మరియొకటి దూరమున ఇంకొక చోట ఉండవలెను. మూల ఫిలిమును మాత్రము ప్రతి తీసినామని పారవేయరాదు.

అయిదవది చూపుట. నెలకొకమారు గ్రంథాలయములో ఒక పాత చిత్రమునో, ఒక జాతర చిత్రమునో ప్రదర్శించి, తెలిసినవారిచేత నాలుగు మాటలు చెప్పింపవలెను. న్యూయార్కు నగర పౌర గ్రంథాలయమువారు 1958 నుండి 16 మిల్లీమీటర్ల చిత్రములను సేకరించి పాఠకులకు అందుబాటులో ఉంచుచు వచ్చినారు. పుస్తకమువలె చిత్రమును కూడ అరువిచ్చుట వారికి వింత కాలేదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వచ్చును. పుస్తకములు కొనుటకే సొమ్ము చాలనప్పుడు సినిమాలెందుకని ఒకటి. మేము చెప్పిన మొదటి మూడు పనులకు పెద్ద వ్యయము లేదు. శ్రద్ధ ఉన్నచో చాలును. పెద్ద పనికి పెద్ద సంస్థలున్నవి. జాతీయ చలనచిత్ర వారసత్వ పథకము క్రింద ప్రభుత్వము చిత్రములను బాగుచేయించుచున్నది. 2014లో బొంబాయిలో ఏర్పడిన ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ వారు 2019 డిసెంబరులో హైదరాబాదునకు వచ్చి ఫిలిము పరిరక్షణలో శిక్షణ ఇచ్చినారు. మన గ్రంథపాలకులను అట్టి శిక్షణకు పంపుట జిల్లా సంస్థకు మోయరాని భారము కాదు. సినిమా అన్నది వినోదమే గాని విద్య కాదు, దానికి సరస్వతీ నిలయములో చోటేమిటని రెండవ ఆక్షేపణ. నవలను గురించి, నాటకమును గురించి కూడ ఒకప్పుడు ఇట్లే అనినవారున్నారు. మంచి చెడ్డలను నిర్ణయించుట కాలముయొక్క పని. నిర్ణయించుటకు వస్తువు మిగిలియుండునట్లు చూచుట గ్రంథాలయముయొక్క పని.

శ్రోతలకు మా మనవి ఇంకొకటి ఉన్నది. మీ ఇంటి అటకమీద పాత పాటల పుస్తకములుండవచ్చును; తాతగారు తెచ్చిన చిన్న ఫిలిము చుట్ట ఉండవచ్చును; ఊరి భారతమునో జాతరనో పట్టిన క్యాసెట్టు ఉండవచ్చును. పండుగకు ఇల్లు దులుపునప్పుడు వాటిని పాత సామాను బండికి వేయకుడు. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరమున అన్న మూడు మాటలు ఒక చీటిపై వ్రాసి దానితో కట్టి ఉంచుడు. ఆ చీటి లేనిచో మొగములు మిగులును గాని పేర్లు మిగులవు. ఇంటిలో ముసలివారుండగానే వారిని అడిగి వ్రాయించుడు. పిదప మీ ఊరి గ్రంథపాలకుని కలిసి, దీనికి చోటివ్వగలరా అని అడుగుడు. ఒకరడిగినచో ఆయన ఆశ్చర్యపడును. పదిమంది అడిగినచో జిల్లా సంస్థకు వ్రాయును. నూరుమంది అడిగినచో బీరువా వచ్చును, గది వచ్చును.

రాగిరేకులు చెక్కించినవారు తమ కాలమున ఆ పాటలు వినువారు లేరని చెక్కింపలేదు. అప్పుడు అందరును వినుచుండిరి. అందరును వినుచున్న కాలముననే, ముందు కాలమును తలచి రాగికి సొమ్ము వెచ్చించినారు. నేడు చలనచిత్రమును అందరమును చూచుచున్నాము. దానికొక అర ఏర్పరచుటకు తగిన కాలము ఇదియే.